కట్టు విప్పితే రాజీనామా

మా ఏరియా ఆస్పత్రిలో నర్సులు నిలవరు. వస్తారు, పని నేర్చుకుంటారు, పోతారు. ఎంత పద్ధతిగా పోతారంటే, కొత్త నర్సు చేరిన రోజే వీడ్కోలు సభకు శాలువా తెచ్చి బీరువాలో పెట్టుకోవడం ఆఫీసు వాళ్ళకు అలవాటైపోయింది.

ఇదంతా శిక్షణ భాగస్వామ్యం మహిమ. కొన్నేళ్ళ కింద పట్నంలోని ఒక పెద్ద ప్రైవేటు ఆస్పత్రి మా ఆస్పత్రితో ఒప్పందం రాసుకుంది. దాని పేరు చెప్పను. చెప్తే వాళ్ళకు ఉత్త పుణ్యానికి ప్రచారం, నాకు ఉత్త పుణ్యానికి కేసు. ఒప్పందం ఏమిటంటే, నర్సింగు చదివిన పిల్లలు మా దగ్గర పని నేర్చుకోవాలి. మా దగ్గర జబ్బులకు కరువు లేదు కనుక పని తొందరగా వస్తుంది. వచ్చాక ఇక్కడే ఉండి ప్రజలకు సేవ చెయ్యాలి. ఇందులో మొదటి సగం అక్షరం పొల్లుపోకుండా అమలైంది. పని రాగానే పట్నం ఆస్పత్రి వ్యాను గేటు ముందు ఆగేది, పిల్లలు ఎక్కేవారు. నారు పోసేది మేము, కోత కోసేది వాళ్ళు.

ఆఖరుకు ఎముకల వార్డులో ఎస్తేరు అనే నర్సు ఒక్కతే మిగిలింది. ఆమె కూడా రాజీనామా పట్టుకొచ్చినప్పుడు సూపరింటెండెంటు డాక్టర్ వేదభూషణం గారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు.

"ఏమమ్మా, ఇక్కడ నీకేం తక్కువైంది?"

"గొళ్ళెం సార్."

"గొళ్ళెమా?"

"నర్సుల గదికి లోపల గొళ్ళెం లేదు సార్. బట్టలు మార్చుకోవాలంటే ఒకరు తలుపుకు వీపానించి నిలబడేవాళ్ళం. ఇప్పుడు నేనొక్కదాన్నే. ఎవరి వీపు ఆనించుకోను?"

వేదభూషణం గారు పైన తిరగని ఫ్యానును చాలాసేపు చూశారు. "ఇది చాలా లోతైన సమస్య. సమగ్రంగా చూడాలి. కమిటీ వెయ్యాలి" అన్నారు.

ఎస్తేరు వ్యాను ఎక్కింది. కమిటీ పడింది. దాని పేరు సిబ్బంది నిలుపుదల కమిటీ. అధ్యక్షుడు వేదభూషణం గారే. పట్నానికి బదిలీ కోసం ఆయన ఎక్కని గడప లేదు కాబట్టి, మనుషులు ఇక్కడినుంచి ఎందుకు పోవాలనుకుంటారో ఆయనకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదు.

కమిటీ మొదటి సమావేశంలో జీడిపప్పు ఉప్మా తిన్నారు. గొళ్ళెం సంగతి ఒకరెవరో ఎత్తబోతే, "గొళ్ళెం అనేది స్థానిక అంశం. మన పరిధి విధానపరమైనది" అని అధ్యక్షులు సెలవిచ్చారు. తర్వాత వార్డులు చూడ్డానికి బయలుదేరారు. మందుల గదిలో మనిషి లేడు. ఎక్స్‌రే గదికి తాళం. కాన్పుల వార్డులో ఆయా ఒక్కతే ఉంది, ఆమె కూడా కాన్పుకొచ్చిన తన కూతురి దగ్గర కూర్చుంది. చివరికి ఎముకల వార్డులో అడుగుపెట్టేసరికి వేదభూషణం గారు గుమ్మంలోనే ఆగిపోయారు. మంచాలన్నీ నిండుగా ఉన్నాయి. ఎవరూ ఎక్కడికీ పోవడం లేదు.

మొదటి మంచం మీద ఉన్నది మల్సూరు. తాళ్ళెక్కి కల్లు గీసేవాడు. నడుముకు బిగించిన మోకు జారి తాడి మీదినుంచి పడితే కుడికాలు విరిగింది. తొడ నుంచి మడమ దాకా సిమెంటు కట్టు.

"ఎన్నాళ్ళుగా ఉన్నావోయ్ ఇక్కడ?" అని అడిగారు వేదభూషణం గారు.

"పడ్డప్పటి సంది ఈడనే ఉన్న సార్."

"మధ్యలో సెలవేమైనా పెట్టావా?"

"సెలవేంది సార్? దొడ్డికి పోవుడే మంచం మీదాయె!"

"వేరే ఆస్పత్రికి పోవాలని ఎప్పుడైనా అనిపించిందా?"

"అనిపిస్తే మాత్రం? ఎట్ల పోత?"

వేదభూషణం గారి కళ్ళు చెమర్చాయి. వెనక్కి తిరిగి కమిటీతో అన్నారు: "చూశారా? ఇలాంటి నిబద్ధత మన సిబ్బందిలో ఎక్కడైనా ఉందా?"

వారంలో నివేదిక తయారైంది. దాని సారాంశం ఒక్కటే వాక్యం: "శిక్షణ పొందిన సిబ్బంది సంస్థను విడిచి పోవుటకు మూలకారణం వారికి కాళ్ళు సక్రమముగా పనిచేయుటయేనని కమిటీ అభిప్రాయపడుచున్నది." కనుక ఇక మీదట కాళ్ళు పనిచెయ్యని వారికే శిక్షణ ఇవ్వాలి. అలాంటివారు ఇప్పటికే ఆస్పత్రిలో ఉన్నారు. వారికి మంచం ఉంది, తిండి ఉంది, హాజరు నూటికి నూరు. పైగా రోగుల బాధ రోగులకే బాగా తెలుస్తుంది.

పైవాళ్ళు ఆమోదించారు. ఎందుకు ఆమోదించారని నన్నడక్కండి. పైన కూర్చున్నవాళ్ళకు కింద కాళ్ళెలా ఉంటాయో ఎప్పుడు కనబడింది గనుక.

మల్సూరు మెడలో ఒక బిళ్ళ వేశారు. దాని మీద "శయ్యాస్థిత సేవా శిక్షణార్థి" అని ఉంది. మల్సూరు దాన్ని తిప్పి తిప్పి చూసి భార్య సత్తెమ్మకిచ్చాడు.

"ఏం రాసిండ్రే?"

సత్తెమ్మ కూడబలుక్కొని చదివింది. "ఏమో గాని, నీకు నౌకరైనట్టుంది."

"కాలిరిగితే నౌకరొస్తదా! ముందే ఎరికైతే సదువుకునే కాలంల పడకపోదునా."

మంచాలకు చక్రాలు వేయించారు. వార్డులో రోగి "సిస్టర్!" అని పిలిస్తే ఇప్పుడు చెప్పుల చప్పుడు రాదు, చక్రాల చప్పుడు వస్తుంది. మల్సూరు చేతిలో పొడుగు గెడకర్ర పట్టుకుని, నేలకానించి నెట్టుకుంటూ, పడవ మీద వచ్చినట్టు మంచంతో సహా డ్యూటీకి వచ్చేవాడు. జ్వరం చూసేవాడు. బీపీ కట్టేవాడు. మాత్రలిచ్చేవాడు. సెలైను సీసా మార్చడం మాత్రం ఎవరూ నేర్పక్కర్లేకపోయింది. చెట్టు మీద కల్లు లొట్టి దింపి లొట్టి కట్టడం పుట్టినప్పటినుంచీ ఉన్న పనే.

"ఏం మల్సూరన్నా, ఇయ్యాల దింపెట్లున్నది?" అని పక్క మంచం ముసలాయన పరాచికమాడేవాడు.

"పల్సగున్నది తాతా. ఎంత తాగినా ఎక్కది."

నిజం చెప్పాలంటే మొదట్లో ఎవరికీ కష్టం కలగలేదు. పిలిస్తే పలికే మనిషి ఒకడు వార్డులో ఉన్నాడు, అంతే చాలనుకున్నారు జనం. మా ఊళ్ళో జనం అల్పసంతోషులు. పట్నం నుంచి అధికారులు చూడ్డానికి వచ్చారు. ఫొటోలు దిగారు. ఒక పెద్దాయన మల్సూరు కట్టు మీద సంతకం కూడా పెట్టాడు.

చిక్కు ఎక్కడొచ్చిందంటే, మల్సూరు కాలు అతుక్కుంది.

ఎముకల డాక్టరు వారానికోసారి వచ్చిపోయే మనిషి. ఎక్స్‌రే గది తాళం ఆయన వచ్చిన రోజే తీస్తారు. ఎక్స్‌రే చూసి, "ఎముక బాగా కలిసింది. కట్టు తీసెయ్యండి. ఇంకా ఉంచితే కండ కరిగిపోయి కాలు సన్నబడుతుంది" అని చెప్పి తన బస్సు తాను ఎక్కాడు. సత్తెమ్మ సంబరపడింది. తాళ్ళకు కల్లు పారే కాలం దగ్గరకొచ్చింది. మల్సూరు తమ్ముడు గీస్తున్నాడు గాని వాడికి కత్తి పట్టడం రాదు, చెట్లు పాడు చేస్తున్నాడు. మొగుడు రెండు కాళ్ళ మీద నిలబడితే చాలు, మిగతాది మోకు చూసుకుంటుంది.

కట్టు కోసే రంపం సూపరింటెండెంటు గారి బీరువాలో ఉంటుంది. సత్తెమ్మ పోయి అడిగింది. వేదభూషణం గారు ఆమెకు కుర్చీ చూపించారు. కుర్చీ చూపించారంటే పని కాదని అర్థం. అది నాకు తెలుసు, ఆమెకు తెలియదు.

"అమ్మా, నీ భర్త ఇప్పుడు శిక్షణ పొందిన మానవ వనరు. కట్టు విప్పడమంటే సాంకేతికంగా రాజీనామా చేయడమే."

"ఎముకల డాక్టరు సారు ఇప్పమన్నడు గద సారూ."

"అది వైద్యపరమైన అభిప్రాయం. నేను చెప్పేది పరిపాలనాపరమైన అభిప్రాయం. రెండూ వేరు వేరు."

"కట్టుంటే కాలు ఎండిపోతదట. ఎండిన కాలుతోని తాడెట్లెక్కుతడు? మాకింకో బతుకు లేదు సారూ. ఆ కాలు మీది గాదు, మాది."

"కాలు మీదే అమ్మా! ఎవరు కాదన్నారు?" అని ఆయన నొచ్చుకున్నారు. "కాలు మీది. కట్టు ప్రభుత్వానిది. కట్టు ముట్టుకోకుండా కాలు ఒక్కటీ తీసుకుపోగలిగితే నిరభ్యంతరంగా తీసుకుపో. నేను అడ్డు చెప్పను."

ఆ సాయంత్రం సర్క్యులర్ వచ్చింది. శయ్యాస్థిత సిబ్బందిలో ఎవరి కట్టయినా విప్పాలంటే, వారి స్థానంలో అదే స్థాయిలో కాలు విరిగిన ప్రత్యామ్నాయ వ్యక్తి చేరి, శిక్షణ పూర్తి చేసుకోవలెను. అంతవరకు ఎముక అతుకుటను అనధికారికముగా పరిగణించవలెను.

సత్తెమ్మ కూడా తక్కువది కాదు. మర్నాడు అన్నం గిన్నె అడుగున గీతకత్తి పెట్టి తెచ్చింది. గేటు కాడ పట్టుకున్నారు. సంస్థ ఆస్తికి నష్టం కలిగించే ప్రయత్నం కింద ఆ కత్తి స్వాధీనం చేసుకున్నారు. తాడికి గాటు పెట్టే కత్తి రంపంతో పాటు బీరువాలోకి పోయింది. ఆ రోజే ఎముకల వార్డు తలుపుకు కొత్త గొళ్ళెం బిగించారు. మంచి ఇత్తడి గొళ్ళెం. బయటివైపు.

మేము ఊరుకోలేదు. మా ఊరి సంఘం వాళ్ళం పదిమందిమి పోయి ఆస్పత్రి ముందు ధర్నాకు కూర్చున్నాం. వేదభూషణం గారు బయటికొచ్చి మా నినాదాలు ఓపిగ్గా విన్నారు. వింటున్నంతసేపూ మా మొహాలు చూడలేదు, కాళ్ళు చూశారు. "మీలో ఎవరైనా స్వచ్ఛందంగా ముందుకొస్తే మల్సూరును ఇప్పుడే పంపిస్తాను" అన్నారు. ఆ మాటకు మావాళ్ళలో నలుగురికి ఇంటి దగ్గర అర్జెంటు పనులు గుర్తొచ్చాయి. దాచడమెందుకు, గోంగూర కొనేది ఉందని లేచినవాడు మా కార్యదర్శే.

లోపల మల్సూరు రోజూ కట్టు మీద వేలితో కొట్టి చూసుకునేవాడు. మొదట్లో నిండు కుండ మీద కొట్టినట్టు మొద్దుగా పలికేది. ఇప్పుడు లోపల కాలికీ కట్టుకూ మధ్య సందు పెరిగి, బోలుగా, ఖాళీ లొట్టి పలికినట్టు పలుకుతోంది.

"విన్నవా సత్తీ? కాలు లోపల్నించే ఎల్లిపోతున్నది" అన్నాడు.

సత్తెమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ప్రత్యామ్నాయాలు ఎక్కడినుంచి తేవాలన్నది ఇప్పుడు కమిటీ ముందున్న సమస్య. కాళ్ళు విరగ్గొట్టుకునేవాళ్ళు ఊళ్ళో తగినంతమంది లేరు. వేదభూషణం గారు మళ్ళీ భాగస్వామ్యం దారే పట్టారు. ఈసారి రోడ్ల శాఖతో.

మా ఊరి బైపాసు మలుపులో ఒక గుంత ఉంది. వానాకాలంలో దాంట్లో బర్రె పడుకుంటే కొమ్ములు మాత్రమే కనిపిస్తాయి. దాన్ని పూడ్చమని మేము అర్జీలు పెట్టీ పెట్టీ విసిగిపోయాం. రోడ్ల ఇంజనీరుకు కూడా అది తలనొప్పే. అలాంటిది, "మీ గుంత మాకు మానవ వనరుల సరఫరా కేంద్రం. దాన్ని యథాతథంగా పరిరక్షించండి" అని ఆస్పత్రి నుంచి లేఖ పోయేసరికి ఇంజనీరు ఆనందం పట్టలేకపోయాడు. ఆయన ఉద్యోగ జీవితంలో ఒక గుంతను గుంతగా ఉంచినందుకు మెచ్చుకున్నవాళ్ళు వీళ్ళే మొదలు.

ప్రారంభోత్సవం పెట్టారు. గుంత చుట్టూ మామిడాకుల తోరణం కట్టారు. రిబ్బను కట్టారు. ఇంజనీరు మాట్లాడుతూ, "మా శాఖ పరిధిలో ఇలాంటి శిక్షణ ప్రవేశ ద్వారాలు ఇంకా చాలా ఉన్నాయి, మీరు ఎన్నంటే అన్ని సమకూరుస్తాం" అని హామీ ఇచ్చాడు. చప్పట్లు కొట్టారు. వేదభూషణం గారు రిబ్బను కత్తిరించి, కొబ్బరికాయ కొట్టి, ఫొటో కోసం జనం వైపు తిరిగి ఒకడుగు వెనక్కి వేశారు.

ముందుకు వేసి ఉంటే రోడ్డు ఉండేది.

విరిగింది కుడికాలే. ఇంజనీరు జీపులో వేసుకుని ఆస్పత్రికి తెచ్చారు. కబురు మంచం మంచానికీ పాకింది. ఎముకల వార్డులో ఎన్నాళ్ళకో నవ్వులు వినిపించాయి. మల్సూరు గెడకర్ర గట్టిగా వేసి మంచాన్ని గుమ్మం దాకా తెచ్చుకున్నాడు.

"సార్, దండాలు. నా జాగల మీరచ్చిండ్రు గదా! అదే కాలు, అదే ఇరుగుడు. సరిగ్గ నా కొలతే. ఇగ నా కట్టిప్పిపియ్యుండ్రి సార్, పోత."

అంత నొప్పిలోనూ వేదభూషణం గారు నిబంధన మరిచిపోలేదు. "నాది గెజిటెడ్ కాలోయ్! ఆ సర్క్యులర్ నాన్-గెజిటెడ్ కాళ్ళకే" అన్నారు.

"అయితే ఇక్కడే చేర్చుకుని కట్టు వేద్దామా సార్?" అని గుమాస్తా అడిగాడు.

"ఇక్కడా? ఇక్కడెవడున్నాడయ్యా కట్టు కట్టడానికి! పట్నం ఆస్పత్రికి ఫోను చెయ్యి!"

అంబులెన్సు సిద్ధమైంది. అక్కడ మళ్ళీ ఒక నిబంధన అడ్డొచ్చింది. రోగిని పట్నం పంపాలంటే వెంట శిక్షణ పొందిన సిబ్బంది ఒకరు తప్పనిసరిగా ఉండాలి. ఆస్పత్రి మొత్తం వెతికితే శిక్షణ పూర్తయినవాడు మల్సూరు ఒక్కడే. ఆ నిబంధన కింద సంతకం కూడా వేదభూషణం గారిదే. ఇత్తడి గొళ్ళెం తీశారు. మల్సూరును నలుగురు ఎత్తి అంబులెన్సులో కూర్చోబెట్టారు. సత్తెమ్మ అడక్కుండానే ఎక్కి కూర్చుంది.

దారిలో మల్సూరు తన డ్యూటీ తాను చేశాడు. సూపరింటెండెంటు గారి చెయ్యి పట్టుకుని చూశాడు.

"నాడి మంచిగ పారుతున్నది సార్, భయపడకుండ్రి."

"నెమ్మదిగా పోనియ్యమను" అని మూలిగారు ఆయన.

మల్సూరు అద్దంలోంచి బయటికి చూశాడు. మామిడాకుల తోరణం కనిపించింది. "సార్, గట్టిగ పట్టుకోండ్రి. మన భాగస్వామి వచ్చిండు."

వేదభూషణం గారి కేక బైపాసు పొడుగునా వినిపించిందని అక్కడి పంక్చరు షాపతను చెప్పాడు.

పట్నం ఆస్పత్రి అత్యవసర విభాగంలో స్ట్రెచరుకు ఎదురొచ్చిన నర్సు ఎస్తేరు. ఆమె వెనక నిలబడ్డవాళ్ళు కూడా మావాళ్ళే, మా దగ్గర పని నేర్చుకుని వ్యానెక్కినవాళ్ళే. మా ఆస్పత్రి నర్సులంతా ఒక్కచోట కనబడాలంటే అక్కడికి పోవాలి. ఎస్తేరు సూపరింటెండెంటును చూసి నమస్కారం పెట్టింది. వెనక మల్సూరును చూసి నిలబడిపోయింది.

"మల్సూరన్నా! నేనున్నప్పుడు వేసిన కట్టు కదా ఇది! ఇంకా ఇప్పలేదా?"

"నేను గిప్పుడు స్టాఫ్, సిస్టరమ్మా" అన్నాడు మల్సూరు. మెడలో బిళ్ళ చూపించాడు.

ఎస్తేరు సార్‌ను పక్క నర్సుకు అప్పగించింది. రంపం తెచ్చింది. స్ట్రెచరు మీదినుంచి వేదభూషణం గారు తల ఎత్తి అరిచారు: "ఎస్తేరూ, ఆగు! అది ప్రభుత్వ ఆస్తి!"

"సార్, మీరు కదలకండి. కదిలితే ఎముక పక్కకు పోతది" అని ఆమె రంపం ఆన్ చేసింది.

కట్టు రెండు బద్దలై విడిపోయింది. లోపల కాలు సత్తెమ్మ ముంజేయంత ఉంది. పొట్టు పొట్టుగా తెల్లగా ఉంది. మల్సూరు ఆ పిక్కను రెండు వేళ్ళతో పట్టుకుని చూశాడు, వేరేవాళ్ళది చూసినట్టు.

"తాడెక్కుతనా సిస్టరమ్మా?"

ఎస్తేరు అబద్ధం చెప్పలేదు. "ఈ ఏడు ఎక్కలేవన్నా. రోజూ నడువు. కుంటుకుంటనైనా సరే, రోజుకింత దూరం పెంచు. కాలు మీద బరువు పడాలె. పిక్క నిండితే వచ్చే ఏడు ఎక్కుతవు."

ఇంతలో టై కట్టుకున్న ఒకాయన పరుగున వచ్చాడు. ఆ ఆస్పత్రిలో ఉద్యోగాలిచ్చేది ఆయనే. మల్సూరు మెడలో బిళ్ళ చూసి మొహం విప్పారింది. "మీరు ఆ ఆస్పత్రిలో శిక్షణ పొందారా? మా దగ్గర ఈరోజే చేరిపోండి. వాళ్ళ శిక్షణ మీద మాకు పూర్తి నమ్మకం."

"నాకు చెట్లున్నయి సార్" అన్నాడు మల్సూరు. బిళ్ళ తీసి సూపరింటెండెంటు గారి స్ట్రెచరు మీద, ఆయన పొట్ట మీద పెట్టాడు. సత్తెమ్మ భుజం పట్టుకుని లేచాడు.

గుమ్మం దాకా వచ్చి ఎస్తేరు అడిగింది, "అన్నా, నర్సుల గదికి గొళ్ళెం పెట్టిండ్రా?"

"గొళ్ళెం వచ్చింది సిస్టరమ్మా. మా వార్డుకు. బయటి దిక్కు."

వేదభూషణం గారి కాలు పట్నంలో చక్కగా బాగైంది. కట్టు సరిగ్గా చెప్పిన రోజుకు విప్పారు. ఆయన తిరిగొచ్చి కమిటీని సమావేశపరిచారు. శిక్షణ పొందిన మరొక సిబ్బంది ప్రైవేటు ఆస్పత్రిలో చేజారినందుకు విచారం వ్యక్తం చేశారు. ఒక కాలు విరిగినవారిని నమ్మడానికి లేదని తేల్చారు. మొన్న పేపర్లో ప్రకటన పడింది: మా ఆస్పత్రిలో ఖాళీలు ఉన్నాయి, అభ్యర్థులకు రెండు కాళ్ళూ విరిగి ఉండవలెను, పాక్షికముగా విరిగిన వారి దరఖాస్తులు పరిశీలించబడవు. అందుకు తగ్గట్టు గుంత వెడల్పు చేయడానికి రోడ్ల శాఖ ఒప్పుకుంది.

ఆ పని మాత్రం సాగడం లేదు. రోజూ పొద్దున్నే మల్సూరు నడకకు బయలుదేరుతాడు. కాలు మీద బరువు పడాలి కదా, తట్టలో మొరం మట్టి నెత్తిన పెట్టుకుంటాడు. కుంటుకుంటూ బైపాసు దాకా పోతాడు. తట్ట గుంతలో గుమ్మరిస్తాడు. కుంటుకుంటూ వస్తాడు. వెనక సత్తెమ్మ ఇంకో తట్ట. గుంత సగం నిండింది. పిక్క కూడా సగం నిండింది.

ఆస్పత్రి ఫిర్యాదు మీద మల్సూరు మీద కేసు పెట్టారు. నియామక ప్రక్రియకు ఆటంకం కలిగించాడట. రోజూ స్టేషనుకొచ్చి సంతకం పెట్టి పొమ్మన్నారు. స్టేషను ఊరికి ఆ చివర, చాలా దూరం.

కాలికి మంచిదేనని ఎస్తేరు కబురు పంపింది.